"కంపెనీని ఎవరో కొనేస్తున్నారట" అని విని షేర్ కొనే ముందు: వైజాగ్ చిన్న ఇన్వెస్టర్లకి సమగ్ర మార్గదర్శి

మా సీతమ్మధారలో పొద్దున్న వాకింగ్ అయ్యాక టీ కొట్టు దగ్గర నలుగురం ఆగితే నడిచేవి రెండే కబుర్లు. ఒకటి స్టీల్ ప్లాంట్ ఏమవుతుందని, రెండోది ఫలానా షేర్ ఎక్కడిదాకా వెళ్తుందని. రెండో కబురు ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది: "మాస్టారూ, దాన్ని ఎవరో పెద్ద గ్రూపోళ్ళు కొనేస్తున్నారట, ఇప్పుడు 80లో ఉంది, ఓపెన్ ఆఫర్ 150కి వస్తుందట, ఓ నాలుగొందలు తీసుకుని పక్కన పెట్టండి." (ఓపెన్ ఆఫర్ అంటే కంపెనీని కొనేవాళ్ళు మిగతా షేర్‌హోల్డర్ల షేర్లు కూడా ఫలానా ధరకి కొంటామని ఇచ్చే ఆఫర్.) చెప్పే మనిషి మోసగాడు కాదు. తనూ కొన్నాడు, మనం బాగుపడాలనే చెబుతున్నాడు. అందుకే కాదనడం కష్టం.

నేనూ అలాగే కొన్నాను. ఓ చిన్న కంపెనీ, 400 షేర్లు, 86 రూపాయలకి. అంతకుముందు మూడు రోజులు వరసగా అప్పర్ సర్క్యూట్ (ఒక రోజులో పెరగగలిగినంతా పెరిగి ఆగిపోవడం), నాలుగో రోజు తొమ్మిదింపావుకి ఆర్డర్ పడగానే "దొరికింది" అని సంబరపడ్డాను. అంత డిమాండ్ ఉన్న షేర్‌ని నాకు అమ్మింది ఎవరు, ఎందుకు అమ్మారు అన్న ఆలోచనే రాలేదు. రెండు రోజులు పోయాక "అలాంటి ప్రతిపాదన ఏదీ లేదు" అని కంపెనీ ఎక్స్ఛేంజీకి రెండు లైన్ల లెటర్ పెట్టింది. అప్పట్నుంచి ఆరు రోజులు లోయర్ సర్క్యూట్, అంటే పడగలిగినంతా పడి కొనేవాళ్ళు లేక ఆగిపోవడం. రోజూ పొద్దున్నే సెల్ ఆర్డర్ పెట్టడం, సాయంత్రానికి అది క్యాన్సిల్ అవడం. ఏడో రోజు 61కి అమ్ముడుపోయింది. పోయిన పది వేలు మా అమ్మాయి కాలేజీ ఫీజు కోసం తీసి పెట్టినవి.

ఆ తర్వాత కూర్చుని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన టేకోవర్ రూల్స్ చదివాను, పాత డీల్స్ లెక్కలు తీశాను. నాకు తేలింది ఇది: "టేకోవర్ జరుగుతుందా" అనేది సగం ప్రశ్నే. జరిగితే నా షేర్లలో ఎన్ని కొంటారు, ఎంతకి, ఎప్పుడు అన్నది మిగతా సగం, డబ్బులు వచ్చేదైనా పోయేదైనా అక్కడే. ఈ గైడ్ అంతా ఆ రెండో సగం గురించే. ఎవరైనా కబురు చెప్పగానే కింద చెప్పిన వరసలో చూసుకుంటూ వెళ్ళండి, ఎక్కడ జవాబు దొరక్కపోతే అక్కడ ఆగిపోండి.

మొదట: కబురు ఎక్కడ పుట్టిందో పట్టుకోండి

బీఎస్ఈ లేదా ఎన్ఎస్ఈ సైట్‌లో కంపెనీ పేరు కొట్టి కార్పొరేట్ అనౌన్స్‌మెంట్స్ తెరవండి. ఆరు నెలలవి చదవండి, పది నిమిషాల పని. బోర్డు మీటింగ్ దేనికి పిలిచారు, ఆడిటర్ గానీ సీఎఫ్ఓ గానీ మధ్యలో వెళ్ళిపోయారా, ఎక్స్ఛేంజీ "మీ షేర్ ఎందుకు ఇలా కదులుతోంది" అని అడిగిందా, అడిగితే వీళ్ళేం చెప్పారు.

ఇక్కడ పెద్ద కంపెనీకీ చిన్న కంపెనీకీ తేడా ఉంది. మార్కెట్ విలువలో మొదటి 100 కంపెనీలకి 2024 జూన్ 1 నుంచి, మొదటి 250కి 2024 డిసెంబర్ 1 నుంచి సెబీ ఒక బాధ్యత పెట్టింది. ప్రధాన మీడియాలో పుకారు వచ్చి దాని వల్ల షేర్ ధర గట్టిగా కదిలితే, అవునో కాదో 24 గంటల్లో చెప్పాలి. మన టీ కొట్టు దగ్గర తిరిగే కబుర్లు ఎక్కువగా ఆ 250లో లేని కంపెనీల గురించే. వాటి మీద ఆ ఒత్తిడి లేదు కాబట్టే పుకారు వారాల తరబడి బతుకుతుంది.

టెలిగ్రామ్‌లో వచ్చిన స్క్రీన్‌షాట్ ఆధారం కాదు. సరే, అది అందరికీ తెలిసిందే. అంతకంటే జాగ్రత్తగా ఉండాల్సింది మన ఊళ్ళో ఇంకొకటుంది. ఇక్కడ ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒక ఫ్యాక్టరీలోనో పోర్టులోనో ఆడిట్ ఆఫీసులోనో పనిచేస్తుంటారు. "మా బావమరిది అక్కడే అకౌంట్స్‌లో ఉన్నాడు, డ్యూ డిలిజెన్స్‌కి వచ్చి వెళ్ళారట" అని, అంటే కొనేవాళ్ళు లెక్కలు పరిశీలించి వెళ్ళారని, ఎవరైనా చెబితే, అది అబద్ధమైతే మీ డబ్బులు పోతాయి, నిజమైతే ఇంకా ప్రమాదం. బయటికి రాని కీలక సమాచారం పట్టుకుని కొనడం 2015 నాటి ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల కింద తప్పు. చెప్పినవాడికీ కొన్నవాడికీ ఇద్దరికీ చిక్కే, పైగా ఆ బావమరిది ఉద్యోగం కూడా. అలాంటి కబురు వస్తే ఆ షేర్‌ని ముట్టుకోకండి.

తర్వాత: అసలు అమ్మడానికి వీలుందా అని షేర్‌హోల్డింగ్ చూడండి

ప్రతి మూడు నెలలకీ, క్వార్టర్ ముగిసిన 21 రోజుల్లో, ఎవరి దగ్గర ఎన్ని షేర్లున్నాయో కంపెనీ బయటపెట్టాలి. ఆ పట్టిక తెరిచినప్పుడు నేను ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాసుకుంటాను: ప్రమోటర్ (కంపెనీని నడిపే యజమాని) వాటా, అందులో తాకట్టులో ఉన్నది, ఫండ్లూ ఎల్ఐసీ లాంటి సంస్థల వాటా, మిగిలిన జనం వాటా. ఇప్పటిదే కాదు, వెనక నాలుగు క్వార్టర్లవీ పక్కపక్కన రాస్తాను.

ప్రమోటర్ దగ్గర 55, 60 శాతం ఉంటే అతను ఇష్టపడకుండా ఆ కంపెనీని ఎవరూ లాక్కోలేరు. అప్పుడు అడగాల్సింది "ఎవరు కొంటారు" అని కాదు, "ఇతను ఎందుకు అమ్ముతాడు" అని. అప్పులా, వారసులు లేరా, వేరే వ్యాపారానికి డబ్బు కావాలా? కారణం దొరక్కపోతే కబురు బలహీనం అన్నమాట. ప్రమోటర్ వాటా తక్కువైతే కథ వేరు. ఐటీ కంపెనీ మైండ్‌ట్రీలో ప్రమోటర్లకి ఉన్నది 13 శాతం చిల్లర, బయట కాఫీ డే సిద్ధార్థ దగ్గర 20 శాతం పైన ఉంది. 2019 మార్చిలో ఎల్ అండ్ టీ ఆ వాటాని షేర్‌కి 980 రూపాయల చొప్పున తీసుకుని, ఇంకో 31 శాతానికి అదే ధరకి ఓపెన్ ఆఫర్ ఇచ్చింది. వ్యవస్థాపకులు గట్టిగా వ్యతిరేకించారు, అయినా ఆపలేకపోయారు. ఆ 13, 20 అంకెలు షేర్‌హోల్డింగ్ పట్టికలో అందరికీ కనబడేవే.

తాకట్టు దగ్గర మన వాళ్ళు తరచూ పొరబడతారు. ప్రమోటర్ షేర్లలో తాకట్టు 20 నుంచి 45కి, 45 నుంచి 70 శాతానికి పెరుగుతుంటే "ఇంకేముంది, అమ్మేస్తాడు" అనుకుంటారు. అమ్మొచ్చు. కానీ అంతకంటే ముందు అప్పిచ్చినవాడు ఆ షేర్లని మార్కెట్లో గుమ్మరించొచ్చు, అప్పుడు ధర ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలీదు. తాకట్టు ఎక్కువున్న షేర్‌ని టేకోవర్ ఆశతో నేను కొనను.

ఇంకోటి, ఎవరైనా 5 శాతానికి చేరితే రెండు పనిదినాల్లో ఎక్స్ఛేంజీకి చెప్పాలి, ఆ తర్వాత వాటా 2 శాతం మారినప్పుడల్లా మళ్ళీ చెప్పాలి. "పెద్ద గ్రూపు లోపల్లోపల కొంటోంది" అని ఎవరైనా అంటే ఆ ఫైలింగ్ చూపించమనండి. లేకపోతే కొన్నది 5 లోపేనన్నమాట, దాన్నిబట్టి టేకోవర్ అని చెప్పలేం.

అన్నిటికంటే ముఖ్యం: ఓపెన్ ఆఫర్ వస్తుందా, రాదా

2011 టేకోవర్ రూల్స్ ప్రకారం ఎవరికైనా 25 శాతం ఓటు హక్కు చేతికొచ్చినా, లేక వాటా ఎంతైనా సరే కంపెనీ మీద కంట్రోల్ చేతులు మారినా, మిగతా షేర్‌హోల్డర్ల నుంచి కనీసం 26 శాతం షేర్లు కొంటామని ఆఫర్ ఇవ్వాలి. ఇప్పటికే 25 దాటి ఉన్నవాళ్ళు ఒక ఆర్థిక సంవత్సరంలో 5 శాతం దాకా ఆఫర్ లేకుండానే పెంచుకోవచ్చు. 24.9 దగ్గర ఆగిపోయి కంట్రోల్ తీసుకోకపోతే ఆఫర్ అక్కర్లేదు. "వాటా కొన్నారు" అన్న వార్తకీ "టేకోవర్" అన్న మాటకీ మధ్య దూరం ఇదే.

మినహాయింపులు కూడా ఉన్నాయి. మన మల్కాపురం రిఫైనరీ చూస్తూ పెరిగినవాళ్ళకి హెచ్‌పీసీఎల్ ఉదాహరణ చాలు. హెచ్‌పీసీఎల్‌ని ఇంకో ప్రభుత్వ చమురు కంపెనీకి ఇస్తారని 2017 అంతా కబుర్లు నడిచాయి. 2018 జనవరిలో కేంద్రం తన 51.11 శాతాన్ని ఓఎన్‌జీసీకి 36,915 కోట్లకి అమ్మింది. షేర్‌కి 473 రూపాయల 97 పైసలు, అప్పటి మార్కెట్ ధర కంటే సుమారు 14 శాతం ఎక్కువ. కబురు అక్షరాలా నిజమైంది, మంచి ధర కూడా వచ్చింది. కానీ ఆ ధర ప్రభుత్వానికి. ఒక ప్రభుత్వ చేతిలోంచి ఇంకో ప్రభుత్వ చేతిలోకి మారింది కాబట్టి చిన్న షేర్‌హోల్డర్లకి ఓపెన్ ఆఫర్ రాలేదు. ఆ ఏడాది తిరక్కుండానే షేర్ 300 కిందికి వచ్చేసింది. గాజువాకలో నాకు తెలిసిన ఒక పెద్దాయన రిటైర్మెంట్ డబ్బులో కొంత దాని మీదే పెట్టారు. "నా లెక్క ఎక్కడ తప్పింది" అని ఆయన అడిగితే, మీ లెక్క తప్పలేదండీ, ఆఫర్ మనకి వస్తుందా అని మాత్రం చూడలేదు అని చెప్పాల్సి వచ్చింది.

కొనేది ఎవరన్న ఊహ కూడా తప్పొచ్చు. మన ఊళ్ళోనే హెడ్డాఫీసున్న డ్రెడ్జింగ్ కార్పొరేషన్ విషయంలో ప్రైవేటు వాళ్ళకి పోతుందన్న భయంతోనే ఉద్యోగులు రోడ్డెక్కారు. చివరికి 2019 మార్చిలో ప్రభుత్వ వాటా, 73 శాతం పైన, విశాఖ పోర్టుతో సహా నాలుగు పోర్టు ట్రస్టులకి వెళ్ళింది.

అసలు మార్కెట్లో లేని కంపెనీల సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. స్టీల్ ప్లాంట్, అంటే ఆర్ఐఎన్ఎల్, స్టాక్ ఎక్స్ఛేంజీలో ఎప్పుడూ లిస్ట్ కాలేదు. "స్టీల్ ప్లాంట్ షేర్లు ఇప్పిస్తాం" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. గంగవరం పోర్టు కూడా అంతే, 2021లో అదానీ పోర్ట్స్ షేర్‌కి 120 చొప్పున వాటాలు కొన్నప్పుడు మనలాంటివాళ్ళకి అందులో చోటే లేదు.

ఫ్యాక్టరీ మన కళ్ళ ముందు ఉంది కాబట్టి కంపెనీ గురించి మనకి తెలుసనుకోవడం ఇంకో పొరపాటు. 2002లో హిందుస్థాన్ జింక్‌లో 26 శాతాన్ని స్టెరిలైట్ 445 కోట్లకి కొంది. మన మింది దగ్గరున్న జింక్ స్మెల్టర్ తర్వాత మూతపడింది. కానీ రాజస్థాన్ గనుల మీద ఆ కంపెనీ బ్రహ్మాండంగా పెరిగింది. గేటు ముందు నిలబడి చూసినవాడికి అది చచ్చిపోయిన కంపెనీలాగే కనబడి ఉంటుంది.

ధర లెక్క: ఆఫర్ ధర మార్కెట్ ధర కంటే ఎక్కువ ఉండాలని రూలేం లేదు

కనీస ధరకి ఒక పద్ధతుంది. ఒప్పందంలో అమ్మేవాడికి ఇచ్చే ధర, కొనేవాడు గత 52 వారాల్లో పెట్టిన సగటు ధర, గత 26 వారాల్లో పెట్టిన అత్యధిక ధర, ప్రకటనకి ముందు 60 ట్రేడింగ్ రోజుల సగటు మార్కెట్ ధర. వీటిలో ఏది ఎక్కువైతే అది. చివరిదాన్ని ఇంకోసారి చదవండి. పుకారుతో షేర్ రెండు వారాల్లో 80 నుంచి 130కి పోతే 60 రోజుల సగటు 130 కాదు, ఇంకా 90ల్లో ఎక్కడో ఉండొచ్చు. మీరు 125కి కొని 150 ఆఫర్ కోసం చూస్తుంటారు, ఆఫర్ 95కి వస్తుంది, అంతా రూల్ ప్రకారమే.

పక్కనే ఉదాహరణ ఉంది. శ్రీకాకుళం దగ్గర ప్లాంటున్న ఎన్ఏసీఎల్ ఇండస్ట్రీస్‌లో 53 శాతాన్ని కోరమాండల్ ఇంటర్నేషనల్ 820 కోట్లకి తీసుకుంటున్నట్టు 2025 మార్చిలో ప్రకటించింది. షేర్‌కి 76 రూపాయల 70 పైసలు. మనకిచ్చిన 26 శాతం ఓపెన్ ఆఫర్ ధరా అదే. తర్వాతి నెలల్లో మార్కెట్ ధర దాన్ని దాటి చాలా పైకి వెళ్ళింది. అక్కడ లాభపడింది ఆఫర్ వల్ల కాదు, కొత్త యజమాని బాగా నడుపుతాడని మార్కెట్ నమ్మడం వల్ల. ఈ రెండు పందేలూ వేరు, మీరు ఏది కాస్తున్నారో మీకు తెలియాలి.

ఎన్‌డీటీవీది ఇంకా చిత్రం. 2022 ఆగస్టులో అదానీ గ్రూపు 26 శాతానికి 294 రూపాయల ఆఫర్ ప్రకటించేసరికే షేర్ 360 పైన ఉంది, సెప్టెంబర్‌లో 500 దాటింది. డిసెంబర్‌లో ఆఫర్ ముగిశాక వ్యవస్థాపకుల వాటాని 342 రూపాయల 65 పైసలకి కొన్నారు. ఆఫర్ ముగిసిన 26 వారాల్లోపు ఇలా ఎక్కువ ధరకి కొంటే ఆ తేడా అందరికీ ఇవ్వాలని రూలుంది, దాంతో ఆఫర్‌లో ఇచ్చినవాళ్ళకి షేర్‌కి 48 రూపాయల 65 పైసలు మళ్ళీ వచ్చాయి. కానీ 500 దగ్గర కొన్నవాడి నష్టం పూడ్చే రూల్ ఏదీ లేదు.

కొనే ముందు కాగితం మీద ఈ లెక్క చేయండి

ఇది ఊహా లెక్క. కంపెనీకి 10 కోట్ల షేర్లు. ప్రమోటర్ తన 45 శాతం అమ్ముతున్నాడు. ఓపెన్ ఆఫర్ 26 శాతానికి, అంటే 2.6 కోట్ల షేర్లు, ధర 120. జనం దగ్గరున్నవి 5.5 కోట్లు. అందరూ ఇస్తే తీసుకునేది 2.6 భాగించు 5.5, సుమారు 47 శాతం. మీరు 112కి 1,000 షేర్లు కొన్నారు. "120 ఖాయం, ఎనిమిది వేలు లాభం" అనుకున్నారు.

తీసుకున్నవి 472. వాటికి 56,640 రూపాయలు. మిగతా 528 తిరిగొచ్చాయి. ఆఫర్ అయిపోయింది కాబట్టి ఆ ఆశ మీద కొన్నవాళ్ళందరూ ఒకేసారి అమ్ముతారు, ధర 95కి వచ్చింది, 50,160. మొత్తం 1,06,800. పెట్టింది 1,12,000. కబురు నిజమై, ఆఫర్ వచ్చి, డబ్బు సక్రమంగా అందాక కూడా 5,200 నష్టం. మైండ్‌ట్రీలో కూడా ఆఫర్ పూర్తయిన కొద్ది వారాలకే ధర 980 కంటే బాగా కిందికి దిగింది.

కంపెనీ తన షేర్లని తనే కొనే బైబ్యాక్‌లో 2 లక్షల రూపాయల లోపు విలువైన షేర్లున్న చిన్నవాళ్ళకి 15 శాతం కోటా ఉంటుంది. ఓపెన్ ఆఫర్‌లో అలాంటిదేం లేదు, అందరికీ ఒకే నిష్పత్తి. చాలామంది ఈ రెండూ కలిపేసుకుంటారు.

కాబట్టి లెక్కలో "తిరిగొచ్చిన షేర్లు ఎంతకి అమ్ముడుపోతాయి" అన్న గడి తప్పకుండా ఉండాలి. పుకారుకి ముందు ధర ఎంతో అది వేసి చూడండి. అలా వేసినా లాభం మిగిలితేనే కొనండి.

ఎంత పెట్టాలి, ఎన్నాళ్ళు

మొత్తం పెట్టుబడిలో నేను 3 శాతం దాటను. అప్పు చేసి, మార్జిన్ మీద, బంగారం కుదువపెట్టి, వద్దు. లోయర్ సర్క్యూట్‌లో స్టాప్‌లాస్ (ఫలానా ధరకి పడితే అమ్మేయమని ముందే పెట్టే ఆర్డర్) పనిచేయదు, కొనేవాడే ఉండడు కదా. కొనే ముందు ఆ షేర్ ఏఎస్ఎం, జీఎస్ఎం అనే ఎక్స్ఛేంజీ నిఘా లిస్టుల్లో ఉందేమో, రోజుకి ఎన్ని షేర్లు చేతులు మారుతున్నాయో చూడండి. రోజుకి 5 వేల షేర్లు కూడా ఆడని దాంట్లో 2 వేలు కొంటే బయటికి రావడం మీ చేతిలో ఉండదు.

గడువు కూడా రాసుకోండి. బీపీసీఎల్‌లో 52.98 శాతం అమ్మడానికి కేబినెట్ 2019 నవంబర్‌లో ఒప్పుకుంది. కొనేవాళ్ళు దొరక్క 2022 మేలో ఆ ప్రయత్నమే మానేశారు. రెండున్నరేళ్ళు, అదీ సాక్షాత్తూ ప్రభుత్వం ప్రకటించిన అమ్మకం. నేను కొన్న రోజే డైరీలో కారణం, తేదీ రాసి, ఆరు నెలల్లో ఫైలింగ్ ఏదీ రాకపోతే ధర ఎంతున్నా అమ్మేస్తాను. "ఇంకో వారం చూద్దాం" అనే టెన్షన్ ఉండదు, రాత్రి నిద్రపడుతుంది.

నిజంగానే ఆఫర్ వచ్చింది, ఇప్పుడేం చేయాలి

ముందు ప్రకటన వస్తుంది, ఐదు పనిదినాల్లో వివరమైన ప్రకటన పేపర్లలో పడుతుంది, ఆ తర్వాత సెబీ చూశాక లెటర్ ఆఫ్ ఆఫర్ మీకు చేరుతుంది. దాన్ని చదవండి, ముఖ్యంగా ఎన్ని షేర్లు, ఏ ధర, ఏయే అనుమతులు ఇంకా రావాలి అన్న చోట. అనుమతి రాక ఆలస్యమైతే మీ డబ్బూ ఆలస్యమే. టెండరింగ్ (ఆఫర్‌కి మన షేర్లు ఇవ్వడం) మొదలవడానికి ముందు ఇండిపెండెంట్ డైరెక్టర్లు ఈ ధర సబబా కాదా అని తమ అభిప్రాయం ప్రచురిస్తారు, అదీ చూడండి.

టెండరింగ్ 10 పనిదినాలు తెరిచి ఉంటుంది. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు, అందుకే మొదటి రోజే తొందరపడొద్దు. ఏడో ఎనిమిదో రోజు దాకా మార్కెట్ ధర చూసి, ఆఫర్ కంటే బయటే ఎక్కువుంటే బయటే అమ్ముకోండి. చివరి రోజు దాకా కూడా ఆగొద్దు, బ్రోకర్ యాప్‌లో కటాఫ్ ముందే పడుతుంది. యాప్‌లో కార్పొరేట్ యాక్షన్స్ దగ్గర టెండర్ ఆప్షన్ ఉంటుంది, కనబడకపోతే డైమండ్ పార్కు దగ్గరో ద్వారకానగర్‌లోనో ఉన్న మీ బ్రోకర్ ఆఫీసుకి వెళ్ళి స్లిప్పు తీసుకుని మరీ చేయించుకోండి. షేర్లు మీ డీమ్యాట్‌లోనే ఉండి బ్లాక్ అవుతాయి.

ఆఫర్ ముగిసిన 10 పనిదినాల్లో డబ్బులు రావాలి, తీసుకోని షేర్ల మీద బ్లాక్ పోవాలి. పన్ను మామూలు మార్కెట్ అమ్మకంలాగే: ఏడాది లోపైతే లాభం మీద 20 శాతం, ఏడాది దాటితే 1.25 లక్షల పైన ఉన్న లాభం మీద 12.5 శాతం. డబ్బు రాకపోయినా, షేర్ల లెక్క తేడా వచ్చినా ముందు బ్రోకర్‌కి మెయిల్ పెట్టండి, ఫోన్ మాటలు పనికిరావు. ఆ మెయిల్ కాపీ, టెండర్ అక్నాలెడ్జ్‌మెంట్, డీమ్యాట్ స్టేట్‌మెంట్ మూడూ జతచేసి సెబీ స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, నంబర్ రాసుకోండి.